ట్యూబ్ యాంపుల్లో బయాస్ బోర్డు మారుస్తున్నాం

మా ఒంగోలు షాపులో ఈఎల్34 ట్యూబుల యాంపు ఆర్డరిచ్చినవాళ్లకీ, పాతది సర్వీసుకిచ్చినవాళ్లకీ ఈ మాట. ఇకనుంచి బయాస్ బోర్డు, అంటే ట్యూబులో కరెంటు ఎంత పారాలో నిర్ణయించే నెగెటివ్ వోల్టేజీనిచ్చే బోర్డు, ఆప్‌యాంపు (వోల్టేజీని పెంచే చిప్పు)తో చేస్తున్నాం. యాంపుకి 1,800 రూపాయలు పెరుగుతుంది.

ప్లేటు (ట్యూబులో ఎక్కువ వోల్టేజీ ఉండే రేకు) మీద 450 వోల్టులుంటే ఈఎల్34 గ్రిడ్డుకి (కరెంటుని అదుపుచేసే తీగకి) బయాస్ దాదాపు మైనస్ 38 వోల్టులు కావాలి. మామూలు ఆప్‌యాంపు టీఎల్072కి సప్లై మొత్తం 36 వోల్టులే హద్దు. అందుకే 100 వోల్టుల వరకు పనిచేసే ఓపీఏ454 చిప్పు వేస్తున్నాం, దాని సప్లై ప్లస్ 12కీ మైనస్ 60కీ మధ్య. బయాస్ సరిచేయడానికి తిప్పే పాట్ మీద మైనస్ 4 వోల్టులే ఉంటాయి. 130కె, 10కె (కె అంటే వెయ్యి ఓమ్‌లు) రెసిస్టర్లతో చిప్పు దాన్ని 14 రెట్లు చేస్తుంది.

అసలు ఖర్చు రక్షణకే. పాట్ వైపర్ (లోపల జరిగే కాంటాక్టు) తుప్పుపట్టి వదిలేస్తే పాత బోర్డులో బయాస్ పోయి ప్లేటు ఎర్రగా కాలేది. ఇప్పుడు వైపర్ నుంచి మైనస్ 4కి 1 మెగ్ (పది లక్షల ఓమ్‌ల) రెసిస్టరుంది, వైపర్ ఊడితే గ్రిడ్డు మైనస్ 56కి దిగి ట్యూబు చల్లబడుతుంది. కెపాసిటర్‌ని చిప్పు అవుట్‌పుట్‌కి నేరుగా కడితే ఆసిలేషన్ వస్తుంది, మధ్యలో 1కె రెసిస్టరు తప్పదు. చిప్పు అడుగు ప్యాడ్ మైనస్ 60తో కలిసుంటుంది. ఛాసిస్‌కి తగిలిందా, సప్లై షార్టే.

రొయ్యల చెరువుల ఏరియేటర్లున్న ఊళ్లలో కరెంటు ఊగుతుంది. 230 కాస్తా 250 అయితే ప్లేటు 489కి ఎక్కుతుంది. బయాస్‌ని జీనర్ (వోల్టేజీని ఒకేచోట నిలిపే డయోడ్)తో కట్టేస్తే అది అక్కడే ఆగిపోయి ట్యూబులో కరెంటు పెరుగుతుంది. మా మైనస్ 4 అదే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు నుంచి వస్తుంది కాబట్టి మైనస్ 38 కూడా మైనస్ 41కి వెళ్తుంది.

కొందరు ఆటో బయాస్ (కరెంటుని చూసి బయాస్‌ని తనంతట తానే సరిచేసే సర్వో సర్క్యూట్) అడుగుతున్నారు. క్లాస్ ఏబీలో, అంటే ట్యూబులు సిగ్నల్‌ని దాదాపు చెరిసగం పంచుకునే పద్ధతిలో, అది పెట్టం. పాట గట్టిగా వస్తే సగటు కరెంటు సహజంగానే పెరుగుతుంది. సర్వో దాన్ని ఎక్కువనుకుని బయాస్ లాగేస్తుంది, ఆ వెంటనే వచ్చే నెమ్మది చరణంలో శబ్దం గరగరలాడుతుంది.

కొత్తపట్నం, కావలి వైపు వాళ్లు ఇది గమనించాలి. సముద్రపు తేమ, దుమ్ము కలిసి ట్యూబు సాకెట్లో 4వ పిన్ను (ఎక్కువ వోల్టేజీ ఉండే స్క్రీన్) నుంచి 5వ పిన్నుకి (గ్రిడ్డుకి) కరెంటు లీకవుతుంది. ఆ మధ్య 100 మెగ్ ఉన్నా 220కె గ్రిడ్ రెసిస్టరు మీద దాదాపు 1 వోల్టు బయాస్ తగ్గిపోతుంది. కొత్త బోర్డు దీన్ని సరిచేయలేదు, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో సాకెట్ కడగాల్సిందే.

పాత యాంపు తెచ్చేటప్పుడు ట్యూబులూ తీసుకురండి. కేథోడు (ట్యూబులో ప్లేటుకి ఎదురు కొన) దగ్గరున్న 10 ఓమ్‌ల రెసిస్టరు మీద 350 మిల్లీవోల్టులకి, అంటే 35 మిల్లీ ఆంపియర్లకి, మీ ట్యూబుల మీదే సెట్ చేస్తాం. ఇంట్లో మాత్రం మూత తీయకండి, స్విచ్చాపినా కెపాసిటర్లలో 450 వోల్టులు ఉండొచ్చు.