మేత చల్లే ముందు నీళ్ళను చూడు

పెరంబూర్, చెన్నై

చిన్నీ,

నీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ చదివాను. మేత కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా కైకలూరు, ఆకివీడు వైపు వెళ్తున్నావని అమ్మ మన వీధంతా చెప్పుకుంటోంది. నాకూ సంతోషమే. ఫోన్లో నాలుగు మాటలు చెప్పి ఊరుకుందామనుకున్నాను గానీ ఇది ఫోన్లో తెమిలే విషయం కాదు. గట్టు మీద రైతు నిన్ను అడిగే మొదటి మాట "రేపు ఎంత మేత వెయ్యమంటావమ్మా?" అనే. నువ్వు చెప్పే అంకె మీద ఆయన పెట్టుబడీ, ఆ చెరువూ రెండూ ఆధారపడి ఉంటాయి. నీ నెత్తి మీద కంపెనీ టార్గెట్ కూడా ఉంటుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మేత వల్ల నీళ్ళెందుకు పాడవుతాయని ఎవరినడిగినా, తినకుండా మిగిలింది అడుగున కుళ్ళిపోయి అంటారు. నిజమే, కానీ అది కొంతే. తిన్న మేత కూడా చివరికి నీళ్ళలోకే వస్తుంది. నువ్వే లెక్క వేసి చూడు. కిలోన్నర మేతకి కిలో చేప వచ్చిందంటే రైతు మురిసిపోతాడు, అరకిలోనే పోయిందనుకుంటాడు. మేత పొడి సరుకు, అందులో తేమ నూటికి పది పాళ్ళకి మించదు. చేపలోనేమో ముప్పావు వంతు నీరే. అంటే చెరువులో పడిన పొడి పదార్థం దాదాపు 1,350 గ్రాములు, చేపగా మారి బయటికొచ్చింది 250 గ్రాములు. మిగతా కిలోకి పైగా ఏమైంది? కొంత చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్‌గా, కొంత రెట్టగా, కొంత మొప్పల్లోంచి అమ్మోనియాగా ఆ నీళ్ళలోకే వెళ్ళింది. ఈ లెక్క రైతుకి ఒక్కసారి అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు, మిగతాదంతా ఆయనే అల్లుకుంటాడు.

ప్రొటీన్ సంగతీ అంతే. ప్రొటీన్‌లో 16 శాతం నత్రజని. 28 శాతం ప్రొటీన్ ఉన్న మేత నూరు కిలోలు వేస్తే చెరువులోకి నాలుగున్నర కిలోల నత్రజని వెళ్ళినట్టు. అందులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా చేప ఒంటికి పడుతుంది. మిగిలిన మూడు కిలోలూ చెరువే మొయ్యాలి. బస్తా మీద ప్రొటీన్ అంకె పెద్దదైతే మేత మంచిదని చాలామంది నమ్మకం. చేపకి కావలసినదాన్ని మించిన ప్రొటీన్ కండ కాదమ్మా, అమ్మోనియా అవుతుంది. రొయ్యకి పెట్టే 35 శాతం ప్రొటీన్ మేతని శీలావతి, బొచ్చె చేపలకి పెట్టమని నీ చేత ఎవరైనా చెప్పించబోతే ఒప్పుకోకు.

నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు గూడూరు, కోట, వాకాడు వైపు రొయ్య రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకుని సెంట్రల్‌లో రైలు దిగి మా దగ్గరికి వచ్చేవారు. పాపం, అంత దూరం మోసుకొచ్చిన సీసా మా చేతికొచ్చేసరికి అందులో ఉన్నవి చెరువు నీళ్ళు కావు. మూత పెట్టిన సీసాలో సూక్ష్మజీవులు ఊపిరి పీలుస్తూనే ఉంటాయి, ఆక్సిజన్ పడిపోతుంది, నీటి ఆమ్ల, క్షార గుణం చూపే పీహెచ్ మారిపోతుంది. ఆ రెండూ గట్టు మీదే కొలవాలి. ముఖ్యంగా పీహెచ్, ఎందుకంటే అమ్మోనియా విషమా కాదా అన్నది అదే తేలుస్తుంది. మన అమ్మోనియా పరీక్ష కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో మొప్పల్ని దెబ్బతీసేది అయాన్‌గా మారని భాగం. నీళ్ళు 28 డిగ్రీలున్నప్పుడు పీహెచ్ 7.5 అయితే ఆ భాగం నూటికి రెండు పాళ్ళు. పీహెచ్ 9 అయితే నూటికి నలభై. కిట్‌లో అదే అంకె, చెరువులో మాత్రం ఇరవై రెట్ల తేడా. పచ్చటి నీళ్ళలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటుంది కాబట్టి పీహెచ్ మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి బాగా పైకెక్కుతుంది. పొద్దున్నే చూసి "అమ్మోనియా పర్లేదండీ" అని వచ్చేస్తే ఆ రైతుకి సగమే చెప్పినట్టు.

ఆ పచ్చదనం కూడా మేతలోంచి వచ్చిందే. మేతలోని భాస్వరం, నత్రజని తిని నాచు పెరుగుతుంది. నీరు పచ్చగా ఉంటే చేపకి బలమని అక్కడి పెద్దలు అంటారు. ఒక హద్దు దాకా అది సరైన మాటే. సెచి డిస్క్, అంటే నలుపు తెలుపు రంగులు వేసిన గుండ్రటి పళ్ళెం, ముంచి చూడు. 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతు వరకు కనిపిస్తే బాగున్నట్టు. 20 లోపే మాయమైందంటే ఆ చెరువు ఇక మేత తట్టుకోలేదు. రెండు రోజులు వరసగా మబ్బు పడితే ఆ నాచంతా ఒక్కసారి చచ్చి పడిపోవచ్చు. చచ్చిన నాచు కుళ్ళడానికి ఆక్సిజన్ కావాలి, చేపకీ కావాలి, అడుగున ఉన్న రెట్టకీ కావాలి. తెల్లవారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి.

చిన్నీ, నేను నిన్ను కోరేది ఒక్కటే. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంతుందో తెలియకుండా ఏ చెరువుకీ మేత లెక్క చెప్పకు. చేప బరువు, చేపల సంఖ్య, కంపెనీ ఇచ్చిన చార్టు, ఇవన్నీ దాని తర్వాతే. చార్టు రాసినవాళ్ళు ఆ చెరువుని చూడలేదు. సూర్యోదయానికి ముందు లీటరుకి 5 మిల్లీగ్రాములుంటే ధైర్యంగా వెయ్యమను. 3కి దిగితే ఆ పూట మేత ఆపమను. తిన్న చేపకి అరిగేదాకా కొన్ని గంటలపాటు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అందుకే ఎండ పొడ వచ్చి నీళ్ళు తేరుకున్నాకే మేత వెయ్యాలి. చీకటి పడే వేళ వెయ్యడం ఇంకా చెడ్డది.

"చేపలు ఎగబడుతున్నాయి కదా, ఇంకో బస్తా వేద్దాం" అంటారు. చిన్నప్పుడు మైలాపూర్ కపాలీశ్వరుడి కోనేటి మెట్ల మీద నువ్వు మరమరాలు వేసేదానివి, ఎంతమంది వేసినా ఆ చేపలు మళ్ళీ వచ్చేవే. ఎగబడటం చేపకి అలవాటు, మేత చాలలేదని దాని అర్థం కాదు.

కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో గెడలు పాతి, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు, వేరుశెనగ చెక్క నింపి వేలాడదీస్తారు. కొత్తగా వెళ్ళినవాళ్ళు దాన్ని పాతకాలపు పద్ధతని తీసిపారేస్తారు. నువ్వు అలా అనకు. చేప వచ్చి చిల్లుల్లోంచి పొడుచుకుని తింటుంది, ఊరికే చల్లితే పోయేదాంట్లో చాలా భాగం దీనివల్ల మిగులుతుంది. సాయంత్రం సంచి పైకి తీసి చూస్తే ఎంత తిన్నాయో తెలిసిపోతుంది. రొయ్యల చెరువులో మేత ఎంత మిగిలిందో చూసే చెక్ ట్రే చేసే పని ఇక్కడ సంచి చేస్తోంది. తేలే మేతకైతే ఇరవై నిమిషాలు గట్టు మీద నిలబడు, ఇంకా తేలుతూ ఉందంటే ఎక్కువైనట్టే. మునిగే మేత అయితే గ్లాసు నీళ్ళలో నాలుగు గింజలు వేసి చూడు, రొయ్యల మేత రెండు గంటలైనా విడిపోకుండా ఉండాలి. బస్తా అడుగున చేరే పొడిని జల్లించి తీసెయ్యమను. ఆ పొడి చేప నోటికందదు, నేరుగా నీళ్ళలో కరుగుతుంది.

అమ్మోనియా పెరిగిందనగానే జియోలైట్ అనే ఖనిజం పొడి అనీ, ప్రోబయోటిక్ అనే మేలు సూక్ష్మజీవుల మందు అనీ డబ్బాలు అమ్మేవాళ్ళు ముందే చేరతారు. ఉప్పు నీళ్ళలో జియోలైట్ అమ్మోనియాని పెద్దగా పట్టదు, ఆ చోటు సోడియమే ఆక్రమిస్తుంది. మేత తగ్గించడం, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ తిప్పడం ముందు. వాటికి డబ్బా ఖర్చు లేదు.

ఇంకో మాట. మన ఊళ్ళో మురికితో నిండి కనిపించే బకింగ్‌హాం కాలువే పైకి వెళ్తే నెల్లూరు జిల్లా రొయ్యల చెరువుల పక్కన పారుతుంది. ఒకరు వదిలిన నీళ్ళే ఇంకొకరు మోటారుతో తోడుకుంటారు. 1994, 95ల్లో తెల్లమచ్చల వైరస్ టైగర్ రొయ్యని తుడిచిపెట్టినప్పుడు ఆ కాలువలే జబ్బుని చెరువు నుంచి చెరువుకి మోశాయి. తీరంలోని రొయ్యల చెరువుల మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పు, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, చెన్నైలో ఆ అథారిటీ, అన్నీ ఆ తర్వాత వచ్చినవే. నువ్వు వెళ్ళేచోట చెరువుల నీళ్ళు డ్రెయిన్ల గుండా కొల్లేటికి చేరతాయి. 2002 నుంచి అది రామ్‌సర్ అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేల. చేపల పట్టుబడి అయ్యాక అడుగు నల్లమట్టిని, ఆఖరి నీళ్ళని ఒక్కసారిగా వదిలెయ్యకుండా కొన్నాళ్ళు తేర్చి వదలమని అడుగు. అందరూ వినరు, అయినా అడుగు.

టార్గెట్ గురించి భయపడకు. ఒక పంటలో బస్తాలు తగ్గితే తగ్గనీ. చేప చావని రైతు మరుసటి పంటకీ నిన్నే పిలుస్తాడు, చేప పోయినవాడు అప్పు తీర్చలేక లీజే వదిలేస్తాడు. పై అధికారి ఒత్తిడి చేస్తే నువ్వు రాసుకున్న రీడింగుల పుస్తకం ముందు పెట్టు. అక్కడ పెద్దవాళ్ళని గారూ అని పిలువు, వాళ్ళ అనుభవం చెప్పనిచ్చి తర్వాత నీ మీటరు చూపించు.

ఆక్సిజన్ మీటరు కంపెనీ ఇస్తుందో లేదో కనుక్కుని ఈ వారంలోనే చెప్పు. ఇవ్వకపోతే పారీస్ కార్నర్‌కి వెళ్ళి నేనే కొని పంపిస్తాను. ఉప్పు చెరువుల్లో వాడేటప్పుడు మీటరులో సాలినిటీ, అంటే ఉప్పదనం, సర్దుబాటు చెయ్యాలి, నీళ్ళలో ముంచే ప్రోబ్ పొర ఎండిపోకుండా తడిగా ఉంచాలి. మొదటి వారం రీడింగులు ఫొటో తీసి పంపు, తెల్లవారుజామువీ మధ్యాహ్నంవీ రెండూ.

ఆశీస్సులతో
నాన్న