మా షెడ్డులోకి డీసీ వచ్చింది

ఒరేయ్ రఘూ,

మొన్న ఫోన్లో "నూరేళ్ల కిందటే ఓడిపోయిన డీసీని మళ్లీ నెత్తిన పెట్టుకోవడం దేనికిరా" అన్నావు. మెషీన్ల రొదలో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. రెండు రోజులుగా మనసులో అదే నలుగుతోంది. అందుకే కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ఓడిపోయిన మాట నిజమే. 1882లో ఎడిసన్ న్యూయార్కు పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి 110 వోల్టుల డీసీ, అంటే ఒకే దిక్కున పారే కరెంటు, ఇచ్చాడు. అంత తక్కువ వోల్టేజీ నాలుగు వీధులు దాటేసరికి నీరసించిపోయేది. దిక్కు మారుస్తూ పారే ఏసీకైతే ట్రాన్స్‌ఫార్మర్ తోడైంది: పెంచి పంపు, దించి వాడుకో. 1896లో నయాగరా కరెంటు బఫెలో చేరాక ఇక వాదనే లేకుండా పోయింది. కానీ ఒకటి గమనించు. డీసీ ఓడింది వోల్టేజీ మార్చే సాధనం లేక. ఇవాళ ఆ పని సెమీకండక్టర్లు చేస్తున్నాయి. ఓడిన కారణమే పోయాక ఓటమిని పట్టుకుని వేలాడటం ఎందుకు?

పాత కథ వదిలెయ్. నీ షాపులో నేరుగా త్రీ ఫేజ్ మీద తిరిగే మోటార్లు ఎన్ని మిగిలాయి? స్పీడు మార్చాల్సిన ప్రతిదానికీ డ్రైవ్ పెట్టావు కదా. ఆ డ్రైవ్ మూత తీసి చూడు. ముందు ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్, మధ్యలో దాన్ని నిలవుంచే పెద్ద పెద్ద కెపాసిటర్లు, చివర డీసీని మళ్లీ ఏసీ చేసే ఇన్వర్టర్. 415 వోల్టుల ఏసీ లోపలికి రాగానే ఇంచుమించు 560 వోల్టుల డీసీ అవుతుంది, అక్కణ్నుంచి మోటారుకి కావలసిన ఏసీగా మారుతుంది. నలభై డ్రైవులుంటే ఈ మార్పిడి నలభై చోట్ల, నలభై రెక్టిఫైయర్లతో. కప్పు మీది సోలార్ ప్యానెళ్లు ఇచ్చేదీ డీసీయే. దాన్ని ఏసీ చేసి లైన్లో కలుపుతాం, డ్రైవ్ దాన్ని మళ్లీ డీసీ చేసుకుంటుంది. మారిన ప్రతిసారీ కొంత వేడైపోతుంది. అంటే డీసీ మన కంట్రోల్ ప్యానెళ్లలో ఎప్పట్నుంచో ఉంది రా, ఎక్కడికక్కడ గదుల్లో పెట్టి తలుపులేసుకున్నాం, అంతే.

నన్ను నిజంగా కదిలించింది మాత్రం బరువులెత్తి దించే మా హాయిస్టు. బరువు కిందికి దిగేటప్పుడు మోటారు జనరేటర్ అవుతుంది కదా. డ్రైవ్ డిస్‌ప్లే ముందు నిలబడి డీసీ వోల్టులు చూశాను: 560... 610... 680... ఏడొందలు దాటాక, ఎక్కువైన కరెంటుని రెసిస్టర్‌లోకి మళ్లించి వేడిగా కాల్చేసే బ్రేకింగ్ చాపర్ 'టిక్ టిక్' మంటూ మొదలైంది. ప్యానెల్ నెత్తినున్న రెసిస్టర్ మీద గాలి వణుకుతోంది, దగ్గరికి చెయ్యి తీసుకెళ్లలేం. సరిగ్గా అదే నిమిషంలో, పది అడుగుల దూరంలో కన్వేయర్ మోటారు మెయిన్స్ నుంచి కొత్త కరెంటు లాగుతోంది. ఇక్కడ కాల్చేస్తున్నాం, అక్కడ కొంటున్నాం. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఆ లైనంతటికీ ముందు ఒకే ఒక పెద్ద యాక్టివ్ రెక్టిఫైయర్ పెట్టి, 650 వోల్టుల డీసీ బస్‌బార్ లాగాం. డ్రైవులన్నీ ఆ ఉమ్మడి కరెంటు పట్టీ మీంచే తీసుకుంటాయి. ఫ్యాక్టరీల్లో డీసీ వాడకం కోసం జర్మనీలో 2016లో మొదలైన డీసీ-ఇండస్ట్రీ ప్రాజెక్టు వాళ్లు ఎంచుకున్నదీ 650 వోల్టులే. ఇప్పుడు హాయిస్టు దించిన బరువు కన్వేయర్‌ని తిప్పుతోంది. ఇంకా మిగిలితే స్టోరేజీలోకి పోతుంది. నాకు బాగా నచ్చిందేమిటంటే, ఫ్రీక్వెన్సీ, ఫేజు కలపడం అనే తలనొప్పి లేదు. బస్ వోల్టేజీయే కబురు మోస్తుంది. కాస్త తగ్గిందా, స్టోరేజీ ఇస్తుంది, పెరిగిందా, పుచ్చుకుంటుంది. రెక్టిఫైయర్లు లైన్లోకి వదిలే మలినాలు, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి అయిదు, ఏడు రెట్లుండే హార్మోనిక్‌ల బెడద కూడా బాగా తగ్గింది, ట్రాన్స్‌ఫార్మర్ ఊపిరి పీల్చుకుంది.

ఇక భయం సంగతి. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. 50 హెర్ట్జ్ ఏసీలో కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది, కాంటాక్టు విడిపోగానే మధ్యలో లేచే మెరుపు, అదే ఆర్క్, ఆ సున్నా దగ్గర చచ్చిపోతుంది. డీసీలో సున్నా రాదు. కుర్రాళ్లకి చూపిద్దామని టెస్టు బెంచీ మీద, అడ్డుగా పాలికార్బొనేట్ షీటు పెట్టి, కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్చు లాంటి మామూలు ఏసీ కాంటాక్టర్‌ని డీసీ లోడు మీద తెరిచాం. నీలంగా లేచిన ఆర్క్ తెగలేదు, కాంటాక్టులు ఎంత దూరం జరిగితే అంత సాగింది. పైనుంచి సప్లై కొట్టేస్తే గానీ ఆరలేదు. తర్వాత విప్పి చూస్తే వెండి కొసలు కరిగి ముద్దలైపోయాయి. అందరూ కాసేపు మాట్లాడలేదు. డీసీకి అయస్కాంతంతో ఆర్క్‌ని చ్యూట్‌లోకి ఊది ఆర్పే బ్రేకర్ కావాలి, లేదా సెమీకండక్టర్లతో మైక్రోసెకన్లలో తెంపే సాలిడ్ స్టేట్ బ్రేకర్ కావాలి. షార్టయితే బస్ మీదున్న కెపాసిటర్లన్నీ ఒక్కసారిగా అందులోకే దూకుతాయి మరి.

మేమూ దెబ్బ తిన్నాం. కెపాసిటర్లని ముందు మెల్లగా నింపడం, అదే ప్రీచార్జ్, పూర్తి కాకుండానే ఒక డ్రైవ్‌ని బస్ మీద వేశాం. ఖాళీ కెపాసిటర్ ఆ క్షణాన షార్టుతో సమానం కదా, రెండు ఫ్యూజులూ ఢామ్మన్నాయి. ఇప్పుడు ప్రీచార్జ్ అయిందని తేలితే తప్ప మెయిన్ కాంటాక్టర్ పడకుండా ఇంటర్‌లాక్ పెట్టాం. ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లు దిగేదాకా ఆగి, మీటర్ పెట్టి చూశాకే ఎవరైనా చెయ్యి వెయ్యాలి.

అన్నిటినీ డీసీకి మార్చెయ్ అనడం లేదు. ఒకే స్పీడులో నేరుగా ఏసీ మీద తిరిగే నీ పాత పంపుల్ని కదపకు, వాటికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. మాటిమాటికీ ఆగి కదిలే మెషీన్లు, దించే బరువులు ఉన్నచోటే మొదలుపెట్టు. పాత డ్రైవుల్లో డీసీ టెర్మినళ్లు బయటికి తీసి ఉన్నాయో లేదో ముందే చూసుకో. లేకపోతే డ్రైవులే మార్చాలి.

వచ్చే వారం ప్రెస్సుని కూడా బస్ మీదికి తెస్తున్నాం. నువ్వు రా, పక్కనుంటే నాకు ధైర్యం. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తెచ్చుకుంటావు కదా, దాని మీద డీసీ ఆంపియర్ల గుర్తు ఉందో లేదో చూసి మరీ తీసుకురా. మామూలు క్లాంపులో ఉండేది కరెంట్ ట్రాన్స్‌ఫార్మరే. అది ఏసీనే పట్టుకుంటుంది, ఎదురుగా నూరు ఆంపియర్ల డీసీ పారుతున్నా సున్నా చూపిస్తుంది. డీసీని కూడా కొలిచే హాల్ సెన్సార్ ఉన్నది నీ దగ్గర లేకపోతే చెప్పు, నా దగ్గర రెండున్నాయి.

నీ
సూరి