సన్న కోత పనులు ఎందుకు ఆపామంటే

మిర్యాలగూడలో మా వర్క్‌షాపుకు కట్టె తెచ్చి ఇచ్చినవాళ్లకు, మంచాలు, దేవుడి మందిరాలు ఆర్డరిచ్చినవాళ్లకు ఈ కబురు. కొన్నాళ్లుగా బ్యాండ్ సా, అంటే రెండు వీల్స్ మీద పట్టీలాంటి రంపం బ్లేడు తిరిగే మిషన్, నడపడం లేదు. దాని రెండు వీల్స్ మీదున్న రబ్బరు టైర్లు అరిగిపోతే మార్చాం. అడ్జస్ట్‌మెంట్ ఇంకా కాస్త మిగిలింది. వచ్చే సోమవారం నుంచి కోత మొదలవుతుంది.

దర్వాజలు, కిటికీ చౌకట్లు గుండ్రటి బ్లేడుండే సర్క్యులర్ సా మీద కోస్తాం కాబట్టి వాటికి ఆలస్యం లేదు. శ్రావణంలో దర్వాజ ఎత్తే ముహూర్తం పెట్టుకున్నవాళ్లు టెన్షన్ పడొద్దు. వెనకబడింది వంపు పనులు, మందపాటి పలకను నిలువుగా చీల్చి సన్న పలకలు తీసే పని. ఆషాఢంలో గిరాకీ పలచగా ఉంటుందని రిపేరు ఇప్పుడే పెట్టుకున్నాం.

"బ్లేడు మారిస్తే పోయేదానికి ఇంత పనెందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. కొత్త బ్లేడు వేసి చూశాం, అయినా కోత అలలు తిరిగింది. పాత రైస్ మిల్లుల్లో పటా బెల్టు తిరిగే పుల్లీని చూసినవాళ్లకు కారణం తేలిగ్గా తెలుస్తుంది. ఆ పుల్లీ నడుమ కొద్దిగా ఉబ్బు ఉంటుంది, బెల్టు ఎప్పుడూ ఆ ఉబ్బు మీదికే ఎక్కుతుంది. బ్యాండ్ సా టైరుకూ నడుమ అలాంటి ఉబ్బే ఉండాలి. మాదాంట్లో అది అరిగి, బ్లేడు నడిచే చోట గాడి పడింది. ఇక బ్లేడు ముందుకూ వెనక్కూ జరుగుతుంటే గీత మీద కోత ఎలా వస్తుంది?

టక్ టక్ అనే చప్పుడు కూడా ఉండేది. బ్లేడు అతుకు దగ్గర ఉబ్బినా అలాంటి చప్పుడే వస్తుంది. అందుకని బ్లేడు మీద సుద్దముక్కతో గీత పెట్టి, చేత్తో తిప్పి చూశాం. మా వీల్ 18 అంగుళాలు, బ్లేడు ఒక చుట్టు తిరిగేలోపు వీల్ రెండు చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ టక్ టక్ బ్లేడు చుట్టుకు ఒకసారి కాదు, ప్రతి వీల్ చుట్టుకూ వచ్చింది. అంటే లోపం బ్లేడుది కాదు, టైరుది.

మన ఎండలకు రేకుల షెడ్డులో రబ్బరు ఎండి గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది. కింది వీల్ మీద పొట్టు రాలి, తడి కట్టె బంకతో కలిసి గడ్డకడుతుంది కూడా. ఉలి పెడితే కింది టైరు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. పాత గమ్ము గీకి, తుప్పు రుద్ది, థిన్నరుతో తుడవడానికే ఎక్కువ సమయం పట్టింది. అక్కడ తొందరపడితే కొత్త రబ్బరు కింద గడ్డలు మిగిలిపోతాయి.

రబ్బరు తీసేసి ఇనుము మీదే నడపమని ఒకరు చెప్పారు. దుంగలు కోసే పెద్ద మిషన్లు అలాగే నడుస్తాయి, నిజమే. కానీ మా సన్న బ్లేడు పళ్లు కుడికీ ఎడమకూ వంచి ఉంటాయి, ఇనుము తగిలితే ఆ వంపు చెడిపోతుంది. యూరిథేన్ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) టైరు మంచిదే. వేడి నీళ్లలో మెత్తబరిచి ఎక్కిస్తే చాలు, మన్నిక కూడా ఎక్కువ. మా పాత పోత ఇనుప వీల్ వెడల్పుకు సరిపోయేది దొరక్క, సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి రబ్బరే తెచ్చాం. రబ్బరు అతికించే సొల్యూషన్ పూసి, లాగి ఎక్కించి, రబ్బరు కింద గుండ్రటి చువ్వ పెట్టి చుట్టూ తిప్పాం. దాంతో రబ్బరు సాగుడు అంతటా సమానమవుతుంది. సొల్యూషన్ పూర్తిగా ఆరాక, కట్టెకు గరుకు కాగితం చుట్టి, వీల్ తిరుగుతుంటే అంచులు అరగదీస్తున్నాం. నడుమ ఉబ్బు మిల్లీమీటరు లోపే ఉండాలి, అందుకే నెమ్మదిగా చేస్తున్నాం.

నాకు పట్టింపు ఒక్కటే. మీరు తెచ్చేది మీ టేకు, చాలాసార్లు తాతలనాటి ఇంటి దూలం. అలలు తిరిగిన పలకను చదును చేయాలంటే రెండు వైపులా రందా పట్టాలి, మీరు కొన్న కట్టెలో అంత మందం పొట్టయిపోతుంది. అలాంటి కోతకు కూలి తీసుకోలేను. ముందు మా దగ్గరున్న చెత్త కట్టె మీద కోసి, పలక మందం రెండు కొసలా, నడుమా ఒకేలా వచ్చాకే మీ కట్టె పెడతాం.

అంతదాకా ఆగలేనివాళ్లు కట్టె తీసుకెళ్లొచ్చు, అడ్వాన్స్ మొత్తం తిరిగిస్తాం. కోత రేట్లు పెంచడం లేదు. పాత దూలాలు, వాసాలు తెచ్చేవాళ్లు మేకులున్న చోట సుద్దతో గుర్తు పెట్టి ఇవ్వండి, పీకే పని మేం చూసుకుంటాం. కనపడని ఒక్క మేకు తగిలినా బ్లేడు పళ్లు ఊడతాయి, బ్లేడు తెగితే కొత్త టైరూ కోసుకుపోతుంది. సోమవారం ముందుగా మందిరాల వంపులు కోస్తాం, ఆ తర్వాత పలకలు, కట్టె ఇచ్చిన వరసలోనే.