మన సంఘం వార్షిక నివేదిక: పండగలు, పిల్లల ట్రిప్, క్రిస్మస్ చెట్ల ఓడ

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పట్లాగే బాగా జరిగాయి, వంటల దగ్గరా హాల్ సర్దే దగ్గరా చెయ్యేసిన వాళ్ళందరికీ పేరుపేరునా థాంక్స్, లెక్కలు ట్రెజరర్ గారు విడిగా పంపిస్తారు. నేను మాత్రం పిల్లల హిస్టరీ ట్రిప్ గురించే ఎక్కువ రాస్తా, ఎందుకంటే మిల్వాకీలో ఇన్నేళ్ళుగా ఉంటూ కూడా పక్కనే ఉన్న మిషిగన్ సరస్సు కథలు మనలో చాలామందికి తెలీవు.

ట్రిప్‌లో పిల్లలకి చెప్పిన కథ ఇది: రౌస్ సిమన్స్ అని మూడు స్తంభాల తెరచాప ఓడ, 1868లో ఇక్కడే మిల్వాకీలో కట్టారు. కెప్టెన్ హెర్మన్ షూనెమన్ ఏటా ఉత్తరం నుంచి క్రిస్మస్ చెట్లు నింపుకొచ్చి షికాగోలో క్లార్క్ స్ట్రీట్ బ్రిడ్జి దగ్గర ఓడ మీదే అమ్మేవాడు. ఆగస్ట్ అనే వాళ్ళన్న ఇదే చెట్ల బేరంలో 1898లో వేరే ఓడతో మునిగిపోయాడు, అయినా ఈయన మానలేదు. 1912 నవంబర్ 22న మిషిగన్ రాష్ట్రంలోని థాంప్సన్ రేవులో బయల్దేరారు. మర్నాడు మధ్యాహ్నం సరస్సు ఒడ్డునున్న కెవానీ రెస్క్యూ స్టేషన్ వాళ్ళకి ఆపదలో ఉన్నామని జెండా సగానికి దించుకుని పోతున్న ఓడ కనిపించింది, వాళ్ళ దగ్గర మోటార్ బోట్ లేక టూ రివర్స్ స్టేషన్‌కి ఫోన్ చేశారు, అక్కడి బోట్ వెళ్ళి ఎంత వెతికినా దొరకలేదు. ఒక్కరూ బతకలేదు. 1924లో జాలర్ల వలలో కెప్టెన్ పర్సు పడింది, తడవకుండా ఆయిల్ గుడ్డ చుట్టి ఉంది.

ఓడ మాత్రం 1971లో గానీ దొరకలేదు, అదీ కెంట్ బెల్‌రిచర్డ్ అనే మిల్వాకీ డైవర్ వెర్నన్ అనే ఇంకో ఓడ కోసం వెతుకుతుంటే. దాదాపు 165 అడుగుల లోతు, లోపల ఇంకా చెట్లున్నాయి! చల్లటి మంచినీళ్ళు కదా, సముద్రంలోలాగా చెక్క తినే పురుగులుండవు.

దాని లంగరు మిల్వాకీ యాట్ క్లబ్ గేటు దగ్గరుంది, పిల్లలు చేత్తో తడిమి చూశారు. నన్ను బాగా కదిలించింది మాత్రం కెప్టెన్ భార్య బార్బరా, కూతుళ్ళు, అంత పోయాక కూడా చెట్ల వ్యాపారం వదల్లేదు, ఈ మాట ఆడపిల్లలకి ప్రత్యేకంగా చెప్పాం.

ఇప్పుడు కోస్ట్ గార్డ్ ఓడ మాకినా డిసెంబర్‌లో షికాగో నేవీ పియర్‌కి చెట్లు తెచ్చి పేద కుటుంబాలకిస్తుంది. వచ్చే డిసెంబర్‌లో అక్కడికి బస్ పెడదామనుకుంటున్నాం, వచ్చేవాళ్ళు దసరాలోపు పేర్లివ్వండి, పిల్లలకి మంచి జాకెట్లు తప్పనిసరి.