శనివారం టెంట్ లాగడం గురించి

మిల్ లాక్స్ సరస్సుకి వచ్చేవాళ్లంతా ఒకసారి చూడండి. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే మన ఐస్ ఫిషింగ్ టెంట్ స్లెడ్ (మంచు మీద జారేలా లాగే చక్రాల్లేని బండి) అడుగున పొడవునా ప్లాస్టిక్ పట్టీలు బిగించాను, స్క్రూల తలలు లోపలికి దిగేలా, లేకపోతే అవే మంచుని గీరుతూ బ్రేకుల్లా పట్టేస్తాయి. తాడు చేత్తో లాగొద్దు, నడుముకి వెడల్పాటి బెల్ట్ కట్టుకుని దానికి తగిలించండి, భుజాలు బతుకుతాయి. హీటరూ, ఐస్‌కి కన్నం వేసే ఆగరూ కాస్త వెనక్కి సర్దితే స్లెడ్ ముక్కు మంచులో కూరుకుపోదు. తడిమంచు మీద స్లెడ్ ఊరికే వదిలేశారో, అడుగు గడ్డకట్టి అతుక్కుపోతుంది, ఇద్దరు తన్నినా కదలదు, ఆగగానే కింద రెండు కర్రలు పెట్టండి.

స్నోమొబైల్‌తో (మంచు మీద నడిచే మోటారు బండి) లాగేటట్టయితే తాడు అసలే వద్దు, ఆపగానే స్లెడ్ వెనక నుంచి గుద్దుతుంది. రెంటినీ కలిపే ఇనప హిచ్ బార్ కావాలి, ఎవరి దగ్గరైనా ఉందా? నడవడానికే 4 అంగుళాల గట్టి ఐస్ ఉండాలి, స్నోమొబైల్‌కి ఇంకా ఎక్కువ.