కొత్తగా టీచరైన అమ్మాయికి, బడికి రాని పిల్లల గురించి

బ్రాడీపేట, గుంటూరు
సంక్రాంతి తరవాతి ఆదివారం

చిరంజీవి అమ్మాయికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. నువ్వు ఫోనులో అడిగిన విషయం నాలుగు మాటల్లో తేలేది కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. పండగ సెలవుల తరవాత బడి తెరిచినా నీ ఎనిమిదో తరగతిలో చాలామంది రాలేదనీ, హాజరు శాతం పడిపోతోందని ప్రధానోపాధ్యాయులు దిగులు పడుతున్నారనీ, వచ్చిన రోజున గట్టిగా మందలిస్తే దారిలో పడతారని తోటివారు సలహా ఇస్తున్నారనీ చెప్పావు. డీఎస్సీలో ఎంపికై దసరా తరవాత ఉద్యోగంలో చేరినదానివి, మిరప కోతల కాలంలో బడి ఎలా ఉంటుందో చూడటం నీకు ఇదే మొదలు. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, రావడం పెరిగేకొద్దీ చుట్టుపక్కల ఊళ్లలో తరగతి గదులు పలచబడటం నా ఉద్యోగకాలమంతా చూశాను. దాన్ని పిల్లల అశ్రద్ధ కింద జమకట్టే వాళ్లను కూడా అన్నాళ్లూ చూశాను.

నీకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రాని పిల్లవాడి గురించి ఆ రోజే అడగాలి, అడిగి తెలుసుకున్నదాన్ని ఉన్నది ఉన్నట్టు రాయాలి. మిగతా ఉపాయాలన్నీ దీని తరవాతే.

ముందు 75 శాతం సంగతి. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు ఉండాలన్న షరతు ఉంది కాబట్టి తల్లిదండ్రులకూ, బడికీ ఆ అంకె కంఠస్థం అయింది. కానీ ఆ అంకెను నమ్ముకుని కూర్చోవద్దు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలి. అందులో 55 రోజులు బడికి రాని పిల్లవాడికి కూడా 75 శాతం హాజరు ఉన్నట్టే లెక్క. 55 బడి రోజులంటే రెండు నెలలకు పైమాటే. ఆ రెండు నెలల్లో భిన్నాలో, సమీకరణాలో పోగొట్టుకున్నవాడికి ఆ తరవాతి పాఠాలన్నీ అయోమయమే. వారానికి ఒక్కరోజు మానేసేవాడికైతే 80 శాతం దాటే ఉంటుంది, ఏ జాబితాలోనూ వాడి పేరు రాదు. అందుకని నెలాఖరున హాజరు పట్టీలో శాతం తీసేటప్పుడు అడ్డంగా వరసలు కూడితే చాలదు, నిలువుగా కూడా చూడు. సోమవారాలే మానేస్తున్నాడా, లెక్కల పరీక్ష ఉన్న రోజులా, మధ్యాహ్న భోజనం తరవాత కనిపించకుండా పోతున్నాడా అన్నది యాప్‌లో పంపే హాజరు చెప్పదు. అది క్లాస్ టీచరు కంటికే పట్టుబడుతుంది.

చట్టం గురించి కూడా స్పష్టంగా తెలుసుకో, ఎందుకంటే తోటివారు కొందరు లేని అధికారాలు ఉన్నట్టు మాట్లాడతారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడికి పంపడం తల్లిదండ్రుల విధి అంటుంది గాని, పంపని వారికి శిక్ష ఏదీ చెప్పదు. ప్రతి పిల్లా బడిలో చేరి, రోజూ వచ్చి, చదువు పూర్తిచేసేలా చూసే బాధ్యతను ప్రభుత్వం మీద, స్థానిక సంస్థల మీద పెట్టింది. కొట్టడం, మనసు నొచ్చుకునేలా వేధించడం రెండింటినీ నిషేధించింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసివేయకూడదు, కాబట్టి రాకపోతే పేరు కొట్టేస్తానని నువ్వు బెదిరించేందుకు లేదు. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, చదువు తెలియజేయడం ఉపాధ్యాయుల విధుల్లో ఒకటిగా అదే చట్టం రాసింది. చట్టం నీ చేతికి బెత్తం ఇవ్వలేదు తల్లీ, తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడమని చెప్పింది.

ఇక అసలు కారణాలు. కోతల కాలంలో తల్లీ తండ్రీ చీకటితోనే చేనుకు వెళతారు. పెద్దపిల్లలు కొందరు వెంట వెళ్లి కాయ కోస్తారు, కొందరు చంటిబిడ్డను చూస్తూ ఇంట్లో ఉంటారు, కొందరు కల్లంలో ఎండబోసిన కాయకు కాపలా ఉంటారు. ఈ మూడింటికీ ఒకే మాట చెబితే కుదరదు. 14 ఏళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడం బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణతో పూర్తిగా నేరమైంది. సొంత చేలో సాయం చేయడానికైనా బడి వేళల తరవాత, సెలవుల్లో మాత్రమే వీలుంది. కాబట్టి కూలికి పోతున్న పిల్లల విషయం నువ్వు ఒక్కదానివే మోయకుండా ప్రధానోపాధ్యాయుల ద్వారా మండల విద్యాధికారి (ఎంఈఓ) దృష్టికి రాతపూర్వకంగా తీసుకువెళ్లు. చంటిబిడ్డ వల్ల ఆగిపోయిన అమ్మాయికి దారి వేరు, ఆ బిడ్డను అంగన్‌వాడీలో దింపి బడికి వచ్చే ఏర్పాటు చేస్తే మర్నాడే తరగతిలో ఉంటుంది. ఆ పిల్లను పట్టుకుని బాధ్యత లేదని తిడితే అంతకంటే అన్యాయం లేదు, ఇంటి బాధ్యతంతా మోస్తున్నది అదే.

ఆడపిల్లలు నెలకు రెండు మూడు రోజులు ఒకే వరసలో రాకపోతే కారణం నలుగురిలో అడగకు. మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందో లేదో, నీళ్లు వస్తున్నాయో లేదో ముందు నువ్వు వెళ్లి చూడు. ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయి చుట్టాల ఊరికి వెళ్లిందని చెప్పి వారం దాటినా రాకపోతే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పెళ్లి మాటలు నడుస్తున్నాయేమో స్నేహితురాళ్లకు ముందే తెలుస్తుంది. అనుమానం బలపడితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయడానికి వెనకాడకు, ఊరి సచివాలయంలోని మహిళా పోలీసుకు కూడా చెప్పు.

ఇంటి దగ్గర సంచి తగిలించుకుని బయలుదేరి బడికి చేరని మగపిల్లల సంగతి ఇంకోటి. వీళ్లను అందరూ దొంగలను చూసినట్టు చూస్తారు. నేను చూసినంతవరకు బడి ఎగ్గొట్టే పిల్లవాడు చదువంతటి నుంచీ పారిపోడు, ఒక పీరియడు నుంచో, ఒక మనిషి నుంచో, పూర్తిచేయని ఒక నోటుపుస్తకం నుంచో పారిపోతాడు. అది ఏదో కనుక్కుంటే సగం పని అయినట్టే. వాణ్ణి అలా తయారుచేయడంలో బడి వంతు కూడా ఉంటుంది. ప్రార్థన అయ్యాక పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాణ్ణి గేటు బయటే నిలబెట్టే బడులు ఉన్నాయి. అలా నిలబడిన పిల్లవాడు నేర్చుకునేది సమయపాలన కాదు, ఆలస్యమైతే అసలు రాకపోవడమే మేలని నేర్చుకుంటాడు. ఎంత ఆలస్యమైనా లోపలికి రానివ్వు, కారణం తరవాత ఒంటరిగా అడుగు. పైగా అలా తిరిగే పిల్లలు చేరేది కాలువ గట్లకే. ఈత రాని పిల్లలు నీళ్లలో దిగుతారు. మొదటి పీరియడులోనే ఇంటికి ఫోను చేయమని నేను పట్టుబట్టేది ఇందుకే. తల్లికి సాయంత్రం తెలిసి ప్రయోజనం లేదు.

ఫోను అంటే గుర్తొచ్చింది, రికార్డులో ఉన్న నంబర్లలో చాలావరకు పనిచేయవు. కొన్ని మేస్త్రివి, కొన్ని పక్కింటివారివి, కొన్ని రీచార్జి లేక ఆగిపోయినవి. పేరెంట్ టీచర్ మీటింగులో అడిగి, ఒక్కో ఇంటికి రెండేసి నంబర్లు నీ సొంత పుస్తకంలో రాసి పెట్టుకో.

జబ్బుతో రాలేని పిల్లల మీద మాత్రం ఒత్తిడి పెట్టకు. ఏడాదంతా ఒక్కరోజూ మానని వారికి బహుమతి ఇవ్వడం నాకు ఎన్నడూ నచ్చలేదు. ఆ బహుమతి కోసం జ్వరంతో, గవదబిళ్లలతో, ఆటలమ్మ పొక్కులు మానకముందే వచ్చి తరగతికంతా అంటించిన పిల్లలను చూశాను. లీవ్ లెటర్ రాయడం నేర్పు, అది సొంత మాటల్లో రాయించు. కారణం నిజం చెబితే నష్టం లేదన్న నమ్మకం వాళ్లకు కుదిరితే కడుపునొప్పి అబద్ధాలు వాటంతటవే తగ్గుతాయి.

ఇప్పుడు నీకు అన్నిటికంటే కష్టమైన విషయం. విద్యా సంవత్సరం చివరికి ఏ తల్లో వచ్చి, నాలుగు రోజులు వేసి 75 చేయమని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. 2025 జూన్‌లో మొదటిసారి తల్లుల ఖాతాల్లో పడిన 13,000 రూపాయలు కూలి ఇంటికి ఎంత పెద్ద మొత్తమో నాకు తెలుసు. అయినా వేయకు. రాని రోజున వచ్చినట్టు రాస్తే, ఆ రోజున ఆ పిల్లకు ఏం జరిగినా అది తరగతి గదిలో క్షేమంగా ఉందని నీ సంతకం సాక్ష్యం చెబుతుంది. దీర్ఘకాలం రాని పిల్లల జాబితాలో దాని పేరు ఉండదు. ఆ జాబితా చూసి ఇప్పించే ప్రత్యేక శిక్షణ గాని, వలస కుటుంబాల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్ గాని దానికి అందవు. దయతో వేసిన ఆ గుర్తు ఆ పిల్లను వెతికేవాళ్లు లేకుండా చేస్తుంది. ఆ తల్లికి సాయం చేయవలసిన సమయం ఏప్రిల్ కాదు, ఇప్పుడే. పిల్ల హాజరు ఎక్కడ ఉందో, ఇంకెన్ని రోజులు మానితే షరతు తప్పుతుందో జనవరిలోనే చెప్పు, లెక్క కాగితం మీద వేసి చూపించు. చాలామందికి ఆ లెక్క ఎవరూ చెప్పి ఉండరు.

ఇళ్లకు వెళ్లేటప్పుడు కూలి నుంచి వచ్చి, నీళ్లు పోసుకుని, స్థిమితపడ్డాక వెళ్లు. ఒక్కదానివే వెళ్లకు, పాఠశాల యాజమాన్య కమిటీలోని తల్లులలో ఒకరిని వెంటబెట్టుకో. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. వాళ్లను సంతకాలకు మాత్రమే పిలవడం చూసి నేను ఎప్పుడూ బాధపడేదాన్ని. వెళ్లగానే ఫిర్యాదు ఎత్తుకోకుండా, పిల్లలో నువ్వు గమనించిన మంచి ఏదైనా ముందు చెప్పు. అది నిజమై ఉండాలి.

తిరిగి వచ్చిన రోజున ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావని తరగతి ముందు అడగకు. పక్కన కూర్చునే స్నేహితురాలి నోటు ఇప్పించు, ఆ రోజు అది చేయగలిగిన పని ఒకటి చేయించు. వారంలో రెండు సాయంత్రాలు పోయిన పాఠాల కోసం కేటాయించు. ఎనిమిదో తరగతి దాటితే ఆ చట్టం రక్ష ఉండదు, తొమ్మిదిలో జారిపోయిన పిల్లలు తిరిగి రావడం నేను చాలా అరుదుగా చూశాను. నీ పిల్లలకు ఈ మూడు నెలలే గడువు.

పండగకు ముందు రోజూ ముందు బెంచీలో కూర్చుని, తరవాత అసలు కనిపించలేదని చెప్పావే, ఆ అమ్మాయి ఇంటికి రేపు సాయంత్రమే వెళ్లు. తలుపు తాళం వేసి ఉంటే ఏ ఊరు వెళ్లారో, ఎవరింట్లో ఉన్నారో ఇరుగుపొరుగును అడిగి రాసుకో. అక్కడి బడిలో ఈ కొన్నాళ్లు కూర్చోనిచ్చేలా మీ ప్రధానోపాధ్యాయుల చేత అక్కడి వారితో మాట్లాడించు. వెళ్లి వచ్చాక, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే నాకు ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
అమ్మ