చేతి ఏనుగుకూ అచ్చు ఏనుగుకూ ఒకటే చీటీయా?

సంపాదకుల వారికి నమస్కారం.

పలమనేరు మట్టి బొమ్మలంటే మా చిత్తూరు జిల్లాలో తెలియనివారుండరు. గత నెల ఒక హస్తకళల ప్రదర్శనలో రెండు ఏనుగు కుండీలు కొన్నాను. ధర ఒకటే. రెండిటి మీదా ‘టెర్రకోట, చేతిపని’ అని చీటీ. ఇంటికొచ్చి కడుగుతుంటే తేడా తెలిసింది. ఒకదాని పొట్టలో కుమ్మరి సారె తిరిగినప్పుడు పడిన వేలిగీతలు సుడులుగా ఉన్నాయి. చెవి అతికిన చోట బొటనవేలు నొక్కిన గుంట, అందులో చర్మపు గీతలతో సహా! రెండోదానికి వీపు మధ్యన నిలువునా సన్నటి గీత. రెండు అచ్చు ముక్కలు కలిపిన అతుకది.

చెరువు మట్టి నానబెట్టి, రాళ్లు ఏరి, కాళ్లతో తొక్కి, ఆ పొట్టను సారె మీద లేపాలి. తొండం, కాళ్లు, చెవులు విడిగా చేసి, తడి ఆరకముందే మట్టినీళ్లు పూసి అతకాలి. ఆలస్యమైతే అతుకు పట్టదు, తొందరపడితే బరువుకు పొట్ట కుంగిపోతుంది. నీడన నిదానంగా ఆరాలి. వానాకాలమైతే అదే పెద్ద టెన్షన్. సరిగా ఆరనిది కాల్చే ఆవంలో పగిలితే పడ్డ కష్టమంతా మట్టిపాలే.

అచ్చు బొమ్మలు తప్పని నేననను. అచ్చులు వాడే కుమ్మరులూ ఉన్నారు, ఇల్లు గడవాలి కదా. నా అభ్యంతరమల్లా ఆ చీటీ మీదే. రెండిటికీ ఒకటే పేరు, ఒకటే ధర అయితే సారె పట్టినవాళ్లకు మిగిలేదేమిటి? వాళ్ల పిల్లలు ఈ పని ఎందుకు నేర్చుకుంటారు?

పశ్చిమ బెంగాల్‌లో బాంకురా జిల్లా పాంచ్‌మురా కుమ్మరులు మట్టి గుర్రం కాళ్లు, మెడ, తల వేర్వేరుగా సారె మీద తిప్పి అతుకుతారు. చెవులు, తోక విడిగా చేసి గుచ్చుతారు. ఆ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మంచిదే. కానీ ఊరి పేరుకు రక్షణ ఒక్కటే చాలదు, కొనేవాళ్లకు అది ఎలా చేసిందో కూడా తెలియాలి.

ప్రభుత్వ ప్రదర్శనల్లో, షోరూముల్లో సారె పనో అచ్చు పనో, చేసినవారి పేరు, ఊరు చీటీ మీద రాయాలని అధికారులను కోరుతున్నాను. చేతివృత్తులవారి కోసం 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో కుమ్మరులకూ గుర్తింపు కార్డులున్నాయి. ఆ నంబరు వేసినా చాలు. అయ్యే ఖర్చు కాగితం ముక్క.

ఆ బొటనవేలి గుర్తున్న ఏనుగుకు జతగా ఇంకొకటి చేయించుకోవాలని ఉంది. ఎవరిని అడగాలో చీటీలో లేదు.

– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా